డయాలసిస్ ఎప్పుడు చాలు? ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవాల్సిన ఒక సంగతి

(పాఠశాల స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు.)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాలన్నాడు. "నీళ్ల గురించే కదా మాట్లాడుతవు" అన్నాడు. మాట్లాడేది నీళ్ల గురించే. కాకపోతే ఈసారి మనిషి ఒంట్లో నీళ్ల గురించి. పండుగ పూట ఇదేం మాట అని ఎవరైనా అనుకుంటే తప్పేం లేదు. కానీ ఒక్కసారి చుట్టూ చూడండి. మా బ్యాచ్ వాళ్లమంతా యాభై దాటినం. మా అమ్మానాయినలు డెబ్భై ఐదు, ఎనభైలలో ఉన్నారు. మాకు చదువు చెప్పిన సార్లలో చాలామంది డెబ్భై దాటారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు పిల్లల ర్యాంకులు, పెళ్లి పత్రికలు వచ్చేవి. ఇప్పుడు "నాయినకు క్రియాటినిన్ ఎనిమిది ఉన్నది, ఏం చేద్దాం" అని వస్తున్నది. అటు దేవరకొండ, ఇటు కల్వకుర్తి, అచ్చంపేట దాకా ఏ ఊరికి పోయినా డయాలసిస్ మీద ఉన్న ఇల్లు ఒకటి కనిపిస్తున్నది. డయాలసిస్ ఎట్లా మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు ఆపాలో మాట్లాడేవాళ్లు లేరు. అందుకే ఈ విషయం తీసుకున్నాను. నేను డాక్టరును కాను. చెప్పేవన్నీ డాక్టర్లను అడిగి, చదివి, మా ఇంట్లో చూసి తెలుసుకున్నవి.

మిషిన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

మన రెండు మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడపోసి, అందులో లీటరున్నర మాత్రమే బయటికి పంపి, మిగిలినదంతా మళ్లీ ఒంట్లోకి తీసుకుంటాయి. నా ఉద్యోగంలో నేను చూసిన ఏ ఫిల్టర్ ప్లాంటూ ఇంత చిన్న జాగాలో ఇంత పని చేయలేదు. ఆ పని దాదాపుగా ఆగిపోయినప్పుడు డయాలసిస్ మిషిన్ పెడతారు. చేతి ఫిస్టులా నుంచి రక్తం నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల చొప్పున బయటికి వస్తుంది. సన్నని గొట్టాల కట్టలాంటి ఫిల్టర్‌లోకి పోతుంది. గొట్టాల లోపల రక్తం, బయట శుద్ధి చేసిన ఉప్పునీళ్లు. మధ్యలో ఉన్న పొర గుండా మలినం ఇవతలికి వస్తుంది. ఆ నీళ్లు నిమిషానికి అర లీటరు పోతాయి. నాలుగు గంటలకు 120 లీటర్లు, వారానికి మూడుసార్లంటే 360 లీటర్లు.

ఇక్కడ మన జిల్లావాళ్లకు ఒక మాట. నల్లగొండ అంటే ఫ్లోరైడ్, ఫ్లోరైడ్ అంటే నల్లగొండ అన్నట్టు బతికినం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. మర్రిగూడ మండలంలో నడుములు వంగిన మనుషులను చూసి పెరిగినవాళ్లు ఈ సభలో ఉన్నారు. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని, గత్యంతరం లేకుంటే ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చని నిబంధన. డయాలసిస్ నీళ్లలో మాత్రం ఆ హద్దు 0.2 మిల్లీగ్రాములే. మనం తాగే నీళ్లకు, రక్తానికి మధ్య పేగు, కాలేయం ఉన్నాయి. మిషిన్ నీళ్లకు, రక్తానికి మధ్య ఒక్క పలుచని పొరే ఉంది. అందుకే ప్రతి డయాలసిస్ కేంద్రం వెనకాల ఒక ఆర్వో ప్లాంటు ఉంటుంది. మీవాళ్లను తీసుకుపోయినప్పుడు ఆ ప్లాంటు నీళ్లను ఎప్పుడు పరీక్ష చేయించారని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇంకొక లెక్క. వారానికి 168 గంటలు. మూత్రపిండం అన్ని గంటలూ పని చేస్తుంది. మిషిన్ పని చేసేది పన్నెండు గంటలే. అంటే నూటికి ఏడు గంటలు. అందుకే డయాలసిస్ మీద ఉన్న మనిషి నీళ్లు కొలుచుకొని తాగాలి, అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దనుకోవాలి. మిషిన్ మీది నుంచి లేచిన రోజు నీరసంగా పడుకోవాలి. మూత్రపిండం ఒక్కటే చెడిపోయి మిగతా ఒళ్లు బాగున్న మనిషికి ఇది పెద్ద వరం. అట్లాంటివాళ్లు ఏళ్ల తరబడి బతుకుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, జీవన్‌దాన్‌లో పేరు రాయించుకొని మార్పిడి చేయించుకుంటున్నారు. నేనిప్పుడు మాట్లాడేది వాళ్ల గురించి కాదు. ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి.

ఎవరికి ఇవ్వాలి అనే ప్రశ్న నుంచి...

1943లో హాలెండ్‌లోని కాంపెన్ అనే చిన్న పట్టణంలో, జర్మన్ ఆక్రమణ కాలంలో, విలెం కోల్ఫ్ అనే డాక్టరు మొదటి డయాలసిస్ మిషిన్ చేశాడు. మాంసం చుట్టే సెల్లోఫేన్ గొట్టాలే ఆయన ఫిల్టరు. మొదట్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక ముసలమ్మ బతికింది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు, రక్తనాళాల్లో ఎప్పటికీ ఉంచగలిగే గొట్టం కనిపెట్టాక, మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయడం కుదిరింది. కానీ మిషిన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక వకీలు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి కూడా ఉన్నారు. ఎవరికి పిల్లలున్నారు, ఎవరికి ఉద్యోగముంది అని చూసి ఎంపిక చేసేవాళ్లు. 1962లో లైఫ్ పత్రిక ఆ సంగతి బయటపెడితే దేశమంతా ఉలిక్కిపడ్డది.

మన దగ్గర అట్లాంటి కమిటీ లేదు. డబ్బే కమిటీ. భూమి ఉన్నవాడు అమ్ముకొని చేయించుకున్నాడు, లేనివాడు ఇంటికి పోయాడు. ఆ కథ మారడం మొదలైంది మన పాలమూరులోనే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడే జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. 2016లో కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలైంది. హైదరాబాదు దాకా పోకుండా ఉచితంగా డయాలసిస్ చేయించుకునే రోజులు చూస్తున్నాం. ఇది చిన్న విషయం కాదు.

ఎవరికి ఇవ్వాలి అనే ప్రశ్న చాలావరకు తీరింది కాబట్టే, ఎప్పుడు చాలు అనే ప్రశ్న మన ముందుకొచ్చింది.

మిషిన్ గెలిచి మనిషి ఓడిపోయే చోటు

అమెరికాలో నర్సింగ్ హోముల్లో, అంటే మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే చోట ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మందిని పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. మొదలుపెట్టకముందు తమ పనులు ఎంతవరకు చేసుకోగలిగేవారో అదే స్థితి నిలుపుకున్నవాళ్లు 13 శాతమే. వాళ్లు మన మనుషులు కారు, మన లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ దిక్కు అర్థమవుతుంది. ఒళ్లంతా పండిపోయినప్పుడు, క్యాన్సర్ పాకినప్పుడు, గుండె సగం కూడా కొట్టనప్పుడు, పక్షవాతంతో మనుషులను గుర్తుపట్టనప్పుడు, రక్తం శుద్ధి చేసినంత మాత్రాన మనిషి తిరిగి రాడు. ఒక్కోసారి మిషిన్ ఎక్కించగానే బీపీ పడిపోతుంది. వాంతులు, పిక్కలు పట్టేయడం, స్పృహ తప్పడం. వారానికి మూడుసార్లు నాలుగు గంటల మిషిన్, అంబులెన్సులో రానుపోను ఇంకో నాలుగు గంటలు. మిగిలిన కొన్ని రోజుల జీవితం ఆ దారిలోనే అయిపోతుంది.

డాక్టర్లు తమను తాము అడుగుకునే ప్రశ్న ఒకటుంది: "ఈ మనిషి వచ్చే ఏడాదిలోపల చనిపోతే నేను ఆశ్చర్యపోతానా?" ఆశ్చర్యపోను అని జవాబు వస్తే, ఇంటివాళ్లతో కూర్చొని మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. మన దగ్గర ఆ ప్రశ్నను డాక్టరు మనసులోనే ఉంచుకుంటాడు, మనం అడగం. ఇద్దరి మధ్యలో రోగి మిషిన్ మీద పడుకొని ఉంటాడు.

మా ఇంట్లో జరిగింది

మా నాయినకు పాతికేళ్ల షుగరు. 76వ ఏట డయాలసిస్ మొదలైంది. మొదటి రెండేళ్లు బాగానే ఉన్నాడు. ఆటోలో పోయి, మిషిన్ మీద పడుకొని, పక్క మంచమాయనతో వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడి వచ్చేవాడు. ఆ రెండేళ్లలోనే మా తమ్ముని బిడ్డ పెండ్లి చూశాడు. డయాలసిస్ లేకపోతే అది చూసేవాడు కాదు.

మూడో ఏడు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఎముకలకు పాకింది. మిషిన్ మీద బీపీ నిలవడం లేదు. నాలుగు గంటలు మూడైంది, మూడు రెండైంది. ఒకనాడు మిషిన్ మీది నుంచి తెచ్చి మంచంలో పండబెడితే, మా అందరినీ పిలిచి చెప్పిండు: "ఇగ సాలు బిడ్డా. మిషిన్ ఎక్కిన్నాడు పానం బాగుంటలేదు, ఎక్కనినాడూ బాగుంటలేదు. ఎల్లుండి నన్ను తీస్కపోకుండ్రి."

మా అన్న సరే అన్నాడు. వనపర్తి నుంచి వచ్చిన చెల్లె ఏడ్చింది. "నాయిన నొప్పికి అంటున్నడు. మనమే చేతులార బందు పెట్టినట్టు కాదా? రేపు మందిల ఏం మొకం పెట్టుకొని తిరుగాలె?" అన్నది. మా తమ్ముడు హైదరాబాదులో ఇంకో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోదామన్నాడు. నేను ఇద్దరికీ మధ్యలో ఉన్నాను. రెండు రోజులు ఇంట్లో వాదన నడిచింది. ఎవరి మాట వెనకాలా స్వార్థం లేదు, అందరిదీ ప్రేమే.

మూడోనాడు కిడ్నీ డాక్టరు దగ్గరికి నలుగురం కలిసి పోయినం. ఆయన ఓపికగా అన్నీ విన్నాడు. నాయినను ఒంటరిగా అడిగాడు: భయమా, బాధా, ఖర్చు గురించా, పిల్లలకు భారమనా? నాయిన చెప్పిన జవాబు డాక్టరు మాకు చెప్పాడు. "ఖర్చు లేదు సారూ, సర్కారే ఇస్తున్నది. పిల్లలు మంచిగ చూస్తున్నరు. ఒళ్లే ఇగ ఒప్పుకుంటలేదు" అన్నడంట. అప్పుడు డాక్టరు మా చెల్లెతో అన్నాడు: "అమ్మా, మిషిన్ ఆపితే మీ నాయినను చంపుతున్నది మీరు కాదు. జబ్బు. మనం ఆపుతున్నది మిషిన్ మాత్రమే, వైద్యం ఆపడం లేదు."

ఇంటికొచ్చినంక మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "ఆయన మాట ఆయన చెప్పిండు. నలభై ఏండ్లు మీరు ఆయన మాట ఇన్నరు. ఇప్పుడెందుకు ఇనరు?"

నాయిన ఆ తర్వాత తొమ్మిది రోజులున్నాడు. మొదటి నాలుగు రోజులు మంచిగానే మాట్లాడాడు. మూడేళ్లుగా వద్దన్న తాటి ముంజలు రెండు తిన్నాడు. పాలివాళ్లతో ఉన్న గట్టు తగాదా గురించి మాట్లాడి, వాళ్లను పిలిపించి, ఆ గెట్టు అట్లనే ఉండనియ్యమన్నాడు. ఏడోనాటి నుంచి మగతగా ఉన్నాడు. ఊపిరి బరువెక్కితే డాక్టరు ముందే రాసిచ్చిన మందులు ఇచ్చినం. తొమ్మిదోనాడు పొద్దున్నే, ఇంట్లో, సొంత మంచం మీద పోయాడు. మా చెల్లె ఇప్పటికీ అప్పుడప్పుడు ఏడుస్తుంది. కానీ "నాయిన నాతోని మంచిగ మాట్లాడి పోయిండు" అంటుంది.

ఇది మా ఇంటి సంగతి. అందరూ ఇట్లనే చేయాలని చెప్పడానికి కాదు. అడిగి, మాట్లాడి, అందరూ విని తీసుకున్న నిర్ణయం ఎట్లుంటుందో చెప్పడానికి.

చేతకాక మానుకోవడం వేరు

మన ప్రాంతంలో ఈ మాట చెప్పకుండా వదిలేస్తే నేను అన్యాయం చేసినవాణ్ని అవుతాను. డయాలసిస్ మధ్యలో మానేసేవాళ్లు మన ఊళ్లల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది 'చాలు' అనుకొని మానలేదు. బస్సు కిరాయి లేక, వెంట వచ్చే మనిషి లేక మానుకున్నారు. కొడుకు పుణెలోనో బొంబాయిలోనో మేస్త్రీ పనిలో ఉంటే, కోడలు కూలి మానుకొని వారానికి మూడు రోజులు ముసలామెను తీసుకుపోవాలి. మూడు కూళ్లు పోతాయి. మిషిన్ ఉచితమే, దారి ఉచితం కాదు. అట్లా మానుకున్నదానికి 'ఆమె ఇష్టం' అని పేరు పెట్టడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అందుకే ఎవరైనా మానేస్తానంటే ముందు నాలుగు విషయాలు చూడాలని డాక్టర్లు చెబుతారు. మనసు కుంగిపోయి అంటున్నారా? అది నయమయ్యే జబ్బు. తగ్గించగలిగిన నొప్పి, దురద, నిద్ర పట్టకపోవడం ఉన్నాయా? డబ్బు, ప్రయాణం, తోడు సమస్యలా? ఇంట్లోవాళ్లకు బరువైపోయానన్న దిగులా? ఈ నాలుగింటికీ మందు వేసి చూసిన తర్వాత కూడా ఆ మనిషి అదే మాట అంటే, అప్పుడు అది అతని మాట. నిర్ణయం తేలకుంటే కొన్ని వారాలు గడువు పెట్టుకొని చేయించి చూసి, మళ్లీ కూర్చొని మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది. మొదలుపెట్టినంత మాత్రాన ఆపకూడదని ఎక్కడా లేదు.

చట్టం ఏమంటున్నది

"ఆపితే కేసయితదేమో" అని చాలామంది భయపడతారు. డాక్టర్లూ భయపడతారు. ఈ విషయంలో మన తెలుగువాళ్ల పాత్ర చాలా ఉంది.

2004లో హైదరాబాదులో కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న ఒక యువ చెస్ ఆటగాడు, తన అవయవాలు చెడిపోకముందే దానం చేసి వెళ్లిపోతానని కోరాడు. వాళ్లమ్మ హైకోర్టుకు పోయింది. చట్టం ఒప్పుకోదని కోర్టు అన్నది. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. 2022లో వచ్చిన 'సలాం వెంకీ' సినిమా ఆ కథే. అతను అడిగింది వేరు, మనం మాట్లాడుతున్నది వేరు. ప్రాణం తీయమని అడగడానికి మన చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు. పనికిరాని చికిత్సను వద్దనడం వేరే విషయం. ఈ రెండింటినీ విడదీసి, చికిత్స వద్దనే రోగికీ, ఆ మాట విన్న డాక్టరుకూ చట్టం రక్షణ ఇవ్వాలని 2006లో లా కమిషన్ 196వ నివేదిక ఇచ్చింది. అప్పటి చైర్మన్ జస్టిస్ ఎం. జగన్నాధరావు. 2012లో 241వ నివేదిక అదే దారిని బలపరిచింది. అప్పటి చైర్మన్ జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. ఇద్దరూ మన తెలుగువాళ్లే. ఈ రెండు నివేదికల నడుమ, 2011లో, ముంబైలో దశాబ్దాలుగా స్పృహ లేకుండా ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు తొలిసారి తలుపు కొద్దిగా తెరిచింది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సులువు చేసింది.

దాని సారాంశం ఇది. తెలివి స్పష్టంగా ఉన్న రోగి, అన్నీ తెలుసుకొని, నాకీ డయాలసిస్ వద్దు అంటే అది అతని హక్కు. దానికి ఏ బోర్డూ అక్కరలేదు. దాన్ని ఆత్మహత్య అనరు. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే, చికిత్స చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రిలోనే ఒక బోర్డు చూస్తుంది. ఆ తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు చూస్తుంది. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం ఒప్పుకోవాలి. ఆసుపత్రి మెజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి. అనుమతి కోసం కోర్టు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

తెలివి ఉన్నప్పుడే ముందుగా రాసి పెట్టుకునేదాన్ని లివింగ్ విల్ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. మన తరఫున మాట్లాడే మనుషుల పేర్లు రాయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఇంతకుముందు మెజిస్ట్రేటు సంతకం కావాల్సి ఉండె. 2023 తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. గెజిటెడ్ అంటే ఎక్కడికో పోనక్కర లేదు. మన బడి హెడ్మాస్టరు గారు గెజిటెడ్ అధికారే. పదో తరగతి మెమో జిరాక్సుల మీద అటెస్టేషన్ కోసం ఆ గది ముందు నిలబడ్డం కదా, అదే గది. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కాగితం కన్నా ముఖ్యం, దాంట్లో ఏముందో ఇంట్లో అందరికీ తెలియడం.

ఆపిన తర్వాత

డయాలసిస్ ఆపితే మామూలుగా వారం, పది రోజులు. మూత్రం ఇంకా కొంచెం వస్తున్నవాళ్లు ఇంకొన్నాళ్లు ఉంటారు. మలినాలు పెరుగుతున్నకొద్దీ మగత వస్తుంది, ఎక్కువమంది నిద్రలోనే పోతారు. ఇబ్బంది పెట్టేవి ఆయాసం, దురద, వికారం, తికమక. అన్నింటికీ మందులున్నాయి. మార్ఫిన్ లాంటి మందుల మోతాదు మూత్రపిండాలు లేని మనిషికి వేరుగా ఉంటుంది. కొన్ని అసలు వాడకూడదు. కాబట్టి తెలిసిన డాక్టరే రాయాలి. నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తే ఆయాసం అదుపులో ఉంటుంది. నోరు తడుపుతూ ఉండాలి.

మన దగ్గర జరిగే పొరపాటు ఇక్కడే. "మా ఇష్టం మీద తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టించుకొని ఆసుపత్రి పంపేస్తుంది. ఊపిరి ఉండగానే ఇల్లు చేరాలని మనం అంబులెన్సు మాట్లాడుకుంటాం. చేతిలో ఒక్క మందు చీటీ ఉండదు. ఆ రాత్రి ఆయాసం మొదలైతే ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. ఇంటికి పోతున్నామంటే పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం చీటీ రాసివ్వమని గట్టిగా అడగండి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పని ఊరూరా పాకి, 2008లో ప్రభుత్వ విధానమైంది. మన దగ్గర ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, హైదరాబాదులోని స్పర్శ్ హాస్పిస్‌లో ఆ పని జరుగుతున్నది. చేవెళ్లలో మొదలైన ప్రభుత్వ ఉపశమన వైద్య కేంద్రాలు జిల్లాలకూ వచ్చాయి. మీ జిల్లా ఆసుపత్రిలో ఆ వార్డు ఎక్కడుందో అవసరం రాకముందే కనుక్కోండి.

ఒక్కోసారి డాక్టర్ల అంచనా కూడా తప్పుతుంది. ఆర్ట్ బుక్‌వాల్డ్ అనే అమెరికన్ హాస్య రచయిత 2006లో డయాలసిస్ వద్దని హాస్పిస్‌లో చేరాడు. వారాల్లో పోతాడనుకున్నారు. ఆయన మూత్రపిండాలు మళ్లీ పని మొదలుపెట్టాయి. ఇంటికి పోయి ఒక పుస్తకం రాసి, 2007 జనవరిలో చనిపోయాడు. అది అరుదు. ఆశ పెట్టుకొని చేసే పని కాదు. అయినా మిషిన్ ఆపిన మనిషిని వదిలేసిన మనిషిగా చూడకూడదని దాంతో తెలుస్తుంది.

మన పెద్దలకు ఇది కొత్తా?

"ఇది మన సంప్రదాయం కాదు" అన్నవాళ్లున్నారు. 1982లో వినోబా భావే చివరి జబ్బులో మందులు, ఆహారం వద్దని ప్రశాంతంగా పోయారు. అదే వినోబా 1951లో మన పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టినవాడు. మన పోతన తెలుగు చేసిన భాగవతం అసలు మొదలయ్యేదే ఏడు రోజుల గడువు ఉన్న రాజుతో. పరీక్షిత్తు ఆ ఏడు రోజులను ఎట్లా గడపాలి అని అడిగాడు. వినాలనుకున్నది విన్నాడు. డయాలసిస్ ఆపిన తర్వాత మిగిలేది కూడా దాదాపు అన్ని రోజులే. ఆ రోజులు అంబులెన్సులోనా, ఇంట్లోనా, ఎవరితో, ఏ మాటలు మాట్లాడుకుంటూ అన్నది మనం ఆలోచించుకోవచ్చు.

మన సంఘానికి మూడు ప్రతిపాదనలు

స్వర్ణోత్సవ నిధిలో గేటు కట్టడానికి, స్టేజీ కట్టడానికి పైసలు వేసుకున్నాం. మంచిదే. ఇంకో మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి, మన మండలంలో డయాలసిస్‌కు పోయేవాళ్ల కోసం వారానికి మూడు రోజులు నడిచే ఒక బండి. కిరాయి లేక ఎవరూ మానుకోకూడదు. నా బ్యాచ్ తరఫున మొదటి ఏడాది డీజిల్ ఖర్చు మేం పెట్టుకుంటాం.

రెండు, ఏడాదికి ఒకరోజు ఇదే బడి ఆవరణలో ఒక కిడ్నీ డాక్టరును, ఒక ఉపశమన వైద్య నర్సును, ఒక నోటరీని కూర్చోబెడదాం. అడిగేవాళ్లు అడుగుతారు, రాసుకునేవాళ్లు రాసుకుంటారు. ఎవరినీ బలవంతపెట్టవద్దు. మన బ్యాచుల్లో నర్సులున్నారు, డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు.

మూడోది సంఘం చేసేది కాదు, మీరు చేసేది. ఈ పండుగకు అందరం ఊరికొచ్చినం. రేపు తిరుగు ప్రయాణం పెట్టుకునే ముందు అమ్మానాయినల పక్కన కూర్చొని ఒక్కసారి అడగండి: "రేపు నీకు బాగా లేకుంటే నీకేం కావాలె? ఏం వద్దు?" వాళ్లు కసురుకోవచ్చు, నవ్వొచ్చు. మీరు అడిగారన్నది మాత్రం గుర్తుంచుకుంటారు. సమయం వచ్చినప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆసుపత్రి వరండాలో కొట్లాడుకోకుండా ఆ మాట కాపాడుతుంది.

ఇక ముందు వరుసలో కూర్చున్న మా సార్లకు ఒక విన్నపం. మీకెప్పుడు ఏ అవసరం వచ్చినా, దారి కోసమైనా, రక్తం కోసమైనా, మాట్లాడటానికి ఒక మనిషి కోసమైనా, మీ పాత విద్యార్థుల్లో ఎవరికైనా ఫోన్ చేయండి. పేరు చెబితే చాలు, అర్ధరాత్రయినా బయలుదేరి వస్తాం.